రెమ్ అక్క రాయని కారణం

మందుల స్టోర్స్‌లో పంతొమ్మిదేళ్ళు అట్టపెట్టెల మధ్య బతికిన నన్ను, నలభై ఏడో ఏట, ఆస్పత్రి మూడో అంతస్తులోని రికార్డుల గదికి పంపారు. లిఫ్టు ఉంది. రోగులకు మాత్రమే అని దానికో బోర్డు కూడా ఉంది. మెట్లెక్కి పైకి చేరేసరికి నేనే రోగిలా ఉన్నాను. కంప్యూటరంటే నాకు తెలిసింది సరుకు పేరు కొట్టడం, ఎంటర్ నొక్కడం. అంతకు మించి నా బుర్రకెక్కదని స్టోర్స్‌లో గోడనడిగినా చెబుతుంది. అయినా ఆ గది చూసుకునే ఆవిడ పట్టుబట్టి నన్నే అడిగిందట. ఇంతమంది ఉండగా నేనే దొరికానా అని మెట్టుమెట్టుకీ తిట్టుకున్నాను.

ఆవిడని అందరూ రెమ్ అక్క అంటారు. ముప్పై మూడేళ్ళ క్రితం టైపిస్టుగా చేరింది. ఆస్పత్రికి మొదటి కంప్యూటరు వచ్చినప్పుడు ముట్టుకోవడానికి అందరూ భయపడితే, పెట్టెలో దానితోపాటు వచ్చిన లావుపాటి పుస్తకాన్ని ఇంటికి పట్టుకెళ్ళి, రెండు బస్సులు మారే దారిలో చదివి, తనంతట తాను నేర్చుకుంది. నన్నడిగితే ఆ నేర్చుకోవడమే ఆవిడ చేసిన పొరపాటు. పని తెలియనివాడికి ఆదివారం ఉంటుంది. తెలిసినవాళ్ళకి ఫోను ఉంటుంది. పెళ్ళి చేసుకోలేదు, చెవులు వినపడని వాళ్ళ అక్కతో ఉంటుంది. ఎవరైనా సెలవు తీసుకోమంటే, "ఫైళ్ళు ఎవరు నడుపుతారు, నువ్వా?" అని అడిగేది. అడిగినవాళ్ళు మెట్లు దిగిపోయేవారు.

ఆ ఫైళ్ళనే బ్యాచ్ ఫైళ్ళంటారు. చేయాల్సిన పనులు వరసగా రాసిన చీటీ అనుకోండి. చీటీ మీద రెండుసార్లు నొక్కితే ఒక నల్ల కిటికీ తెరుచుకుంటుంది, తెల్ల అక్షరాలు నాలుగు పరుగెడతాయి, పని అయిపోతుంది. ఎక్స్‌రే బొమ్మలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరాలన్నా, రక్తపరీక్షల కాగితాలు వార్డులవారీగా విడిపోవాలన్నా, పాతవి చెరిగి కొత్తవాటికి చోటు దొరకాలన్నా ఆ చీటీలే దిక్కు. యంత్రాలు నాలుగుసార్లు మారాయిగానీ అక్క చీటీలు మారలేదు. ఆవిడకో అలవాటు. ప్రతి ఆజ్ఞకీ పైన 'రెమ్' అని మొదలుపెట్టి ఇంకో లైను రాస్తుంది. తేదీ, ఎవరడిగారు, ఎందుకు అలా రాయాల్సి వచ్చింది, అన్నీ అందులో ఉంటాయి. తెలుగే, కాకపోతే ఇంగ్లీషు అక్షరాల్లో. రెమ్ అని ఉన్న లైనుని యంత్రం చదవదు, దాటుకుని పోతుంది. "మరి ఎవరి కోసం రాసినట్టు?" అని మొదటి రోజే అడిగాను.

"నా తర్వాత వచ్చేవాళ్ళ కోసం. ఏం చేస్తుందో లైను చూస్తే తెలుస్తుంది. ఎందుకు చేస్తుందో తెలియకపోతే, అనవసరమనుకుని తీసేస్తారు" అంది.

నెలాఖరుకి ఆవిడ రిటైర్మెంటు. ఫైళ్ళన్నీ ఒకరికి నేర్పి అప్పగిస్తేనే రిలీవింగ్ ఆర్డరు మీద సంతకం పెడతానని సూపరింటెండెంటు గారు తేల్చి చెప్పారు. "తర్వాత ఏం చేస్తావక్కా?" అంటే, కళ్ళద్దాలు తీసి ముక్కు మీది గాడి రుద్దుకుంటూ, "పొద్దున ఎనిమిదింటి దాకా పడుకుంటాను తమ్ముడూ. ఇంకేం కోరిక లేదు" అంది. ఆ అనడంలోనే సగం నిద్ర ఉంది.

ఇక్కడ మా బావ సంగతి చెప్పాలి, లేకపోతే ఈ కథ నడవదు. బావంటే మా అక్క మొగుడు. ఇదే ఆస్పత్రిలో ఎక్స్‌రే గదిలో అటెండరుగా ఉండేవాడు. విరిగిన చేతిని బల్ల మీద ఎలా పెట్టాలో, ఏడ్చే పిల్లాణ్ణి ఊపిరి బిగబట్టమని ఎలా ఒప్పించాలో ఆయన దగ్గరే చూడాలి. ముసలివాళ్ళు డాక్టరుగారి పేరు మర్చిపోయేవారు గానీ ఈయన్ని అడిగి మరీ వచ్చేవారు. పదకొండేళ్ళ కిందట, ఆగస్టు పదిహేడున, ఆ రోజు తీసిన నలభై మూడు మంది బొమ్మలు యంత్రంలోంచి మాయమయ్యాయి. సాయంత్రం అయిదింటికి యంత్రాన్ని ఆపేది బావే. బొమ్మలు భద్రమవుతుండగా మధ్యలో మెయిన్ స్విచ్చు కట్టేసి ఉంటాడని మర్నాడు వచ్చిన కంపెనీ ఇంజినీరు తేల్చేశాడు. నలభై మూడు మందినీ మళ్ళీ పిలిపించారు. తుంటి ఎముక విరిగిన ఒక ముసలమ్మని మళ్ళీ స్ట్రెచరు మీద దించుతుంటే ఆవిడ పెట్టిన కేక బావకి ఇప్పటికీ కలలో వస్తుందని మా అక్క చెబుతుంది.

సర్వీసు పుస్తకంలో 'నిర్లక్ష్యం' అని ఎర్ర సిరాతో రాసి, ఆయన్ని కింద నేలమాళిగలో దుప్పట్లు ఉతికే గదికి పంపారు. అప్పటి నుంచీ అక్కడే. ఇంట్లో ఆయనకో జబ్బు పట్టుకుంది. బయటికెళ్ళేముందు ప్రతి స్విచ్చూ మూడుసార్లు చూస్తాడు. వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కొచ్చి మళ్ళీ చూస్తాడు. స్విచ్చుల బావ అని పేరు పెట్టింది నేనే. పిల్లల ముందు కూడా అలాగే పిలిచి నవ్వేవాణ్ణి.

నేను పైకొచ్చిన నెలలోనే ఎక్స్‌రే గదిలో అటెండరు పోస్టు ఖాళీ అయింది. దరఖాస్తుకి ఆఖరి రోజు ముప్పయ్యో తేదీ. బావకి ఇంకా రెండేళ్ళ సర్వీసుంది. ఆ రెండేళ్ళూ ఆ గదిలో చేసి దిగిపోవాలని ఆయన ఆశ. దరఖాస్తు రాసుకుని వెళితే, ఆ ఎర్ర సిరా రిమార్కు ఉండగా యంత్రాలున్న గదికి పంపడం కుదరదన్నారట. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. మడతల దగ్గర చిరుగు పట్టిందని, అయినా పారెయ్యడంలేదని మా అక్క గొణుగుతోంది. నేను మాత్రం, "పోనీలే బావా, రెండేళ్ళు ఎంతలో గడుస్తాయి" అని ఊరుకున్నాను.

పైన నా చదువు సాగుతోంది. సాగుతోంది అనడమే గానీ, ఈడుస్తోంది ఆవిడ. చదువు చెప్పే ఓపిక ఆవిడకి లేదు, నేర్చుకునే ఓపిక నాకు లేదు. మధ్యలో ఫ్యాను ఒకటి కీచుమంటూ ఇద్దరి ప్రాణమూ తీసేది.

"చెరిపే లైను రాసినప్పుడల్లా ముందు ఎకో అని పెట్టు. డెల్ అంటే చెరుపు. ఎకో అంటే చదివి చూపించు. ఏం చెయ్యబోతోందో చదువుతుంది, చెయ్యదు. కళ్ళతో చూసుకుని, నమ్మకం కుదిరాక ఎకో తీసెయ్యి" అంది రెండో రోజు.

"ఒకేసారి చెరిపితే పోలా, ఈ డొంకతిరుగుడెందుకు?"

"చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. ఇక్కడ చెరిపింది చెత్తబుట్టలోకి కూడా వెళ్ళదు. పోయిందంటే పోయిందే."

నేను చేసిన వెధవపనులు ఒకటా రెండా. ఒక ఫోల్డరుకి పొట్టి పేరు పెట్టబోయి, సమానం గుర్తుకి అటూ ఇటూ ఖాళీ వదిలి అందంగా రాశాను. యంత్రం ఆ ఖాళీని కూడా పేరులో కలిపేసుకుని, నేను పెట్టిన పేరు తనకి తెలియదు పొమ్మంది. స్టోర్స్‌లో మావాళ్ళే ఒక ఫోల్డరుకి మధ్యలో ఖాళీతో 'పాత బిల్లలు' అని పేరు పెట్టారు. దాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టకుండా రాస్తే, 'పాత' ఎక్కడా లేదు, 'బిల్లలు' ఎక్కడా లేదు అని నల్ల కిటికీ నాతో మధ్యాహ్నం దాకా తగువు పెట్టుకుంది. అన్నిటికన్నా పెద్ద ఘనకార్యం ఇంకోటుంది. పక్క బ్లాకులోని యంత్రం పలుకుతోందో లేదో చూసే ఆజ్ఞ పేరు పింగ్. నేను రాసిన చీటీకి కూడా పింగ్ అనే పేరు పెట్టాను. నొక్కితే అది అసలు పింగ్‌ని పిలవాల్సింది పోయి తన్ను తానే పిలుచుకుంది. పిలుస్తూనే ఉంది. నల్ల కిటికీ నిండా అదే లైను జలపాతంలా పడుతుంటే లేచి నిలబడిపోయాను.

"ఆజ్ఞ పేరు చీటీకి పెట్టకూడదు. ఇంట్లో ఇద్దరికి ఒకే పేరుంటే పిలిచినప్పుడు దగ్గరున్నవాడే పలుకుతాడు" అంటూ వచ్చి, దాన్ని ఆపడానికి కంట్రోల్, సీ నొక్కింది అక్క. తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆవిడ నిట్టూరిస్తే నా పంతొమ్మిదేళ్ళ సర్వీసు గాలికి కొట్టుకుపోయినట్టుండేది.

ఒకటి మాత్రం మళ్ళీ మళ్ళీ చెప్పేది. "చివర పాజ్ అని రాయి. రాయకపోతే పనయిన వెంటనే కిటికీ మూసుకుపోతుంది. ఏం జరిగిందో అది చెబుతుంది, వినడానికి నువ్వుండవు. ఎంత తొందరున్నా చదివే లేవాలి." ఆ మాట చెప్పేటప్పుడు నా మొహం చూసేది కాదు, కిటికీలోంచి వెనక వైపు ఉతుకుడు గది పొగగొట్టాన్ని చూసేది. అప్పుడు నాకేం తట్టలేదు.

ఇరవై ఆరో తేదీన 'సాయంత్రం' అనే ఫైలు తెరిచింది. ఎక్స్‌రే గది కంప్యూటర్లో రోజూ నాలుగున్నరకి నడిపేది అదే. ఆ కంప్యూటర్లో రెండు డ్రైవులు, సి అని ఒకటి, డి అని ఒకటి. ఆ రోజు తీసిన బొమ్మలు సి డ్రైవులో 'ఈరోజు' అనే ఫోల్డర్లో ఉంటాయి. వారం దాటినవి డి డ్రైవులో 'పాతవి' అనే ఫోల్డర్లో. ఫైలు ముందు డికి వెళ్ళి పాతవి చెరిపి చోటు చేస్తుంది, తర్వాత ఆ రోజువి తెచ్చి డిలో చేరుస్తుంది. ఒక్కో లైనూ, దానిపై కారణమూ చదువుకుంటూ వస్తున్నాను. ఒక దగ్గర ఆగాను. ఫోల్డరు మారమని చెప్పే లైనది. సిడి అని ఉంది, పక్కన స్లాష్ అనే ఏటవాలు గీతా, డి అక్షరమూ ఉన్నాయి. పైన రెమ్ ఉంది. రెమ్ పక్కన తేదీ ఉంది. తేదీ తర్వాత ఏమీ లేదు.

"ఇదేంటక్కా, అన్నిటికీ పురాణం రాశావు, దీనికి తేదీ ఒక్కటే ఉంది. కారణమేది?"

"ఆ గీతా, డీ తీసేసి నడిపి చూడు. అసలు దాని మీద కాదు, కాపీ మీద" అంది.

తన కంప్యూటర్లోనే ఉత్తుత్తి ఫోల్డర్లు చేసిపెట్టింది. సిలో 'ఈరోజు', అందులో పనికిరాని బొమ్మలు పది. డిలో 'పాతవి', అందులో ఇంకో పది. చీటీని 'ఈరోజు' ఫోల్డర్లోనే పెట్టించింది. గీతా, డీ తీసేసి నొక్కాను. నల్ల కిటికీలో ఒక లైను కనబడింది. బ్యాచ్ ఫైలు దొరకడంలేదట. అదేంటి, ఇప్పుడే నొక్కానుగా అని ఫోల్డరు తెరిచాను. 'ఈరోజు' ఖాళీ. పది బొమ్మలూ లేవు, వాటితోపాటు చీటీ కూడా లేదు. డిలోని 'పాతవి' చూస్తే పదికి పదీ చెక్కు చెదరకుండా ఉన్నాయి.

"సిడి అని ఊరికే రాస్తే ఫోల్డరు మారుతుందిగానీ డ్రైవు మారదు" అంది అక్క. గొంతు పాఠం చెబుతున్నట్టే ఉంది. "నువ్వు డికి వెళ్ళాననుకుంటావు. అది సిలోనే నిలబడి ఉంటుంది. తర్వాతి లైను చెరపమంటే, ఎక్కడ నిలబడిందో అక్కడే చెరుపుతుంది. చీటీ డిలో ఉండి అక్కణ్ణించే నడిపినన్నాళ్ళూ పైకి అంతా బాగానే ఉంటుంది. మూడేళ్ళు బాగానే నడిచింది."

నేను మళ్ళీ ఆ తేదీ చూశాను. ఆగస్టు పదిహేడు. పదకొండేళ్ళ కిందటిది. ఆ తేదీ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. బావకిచ్చిన మెమోలో మొదటి లైనులోనే ఉంది. ఆ మెమోకి జవాబు రాసింది నేను. నా చేత్తో, మా అక్క వంటింట్లో బల్ల మీద కూర్చుని. "పొరపాటున మధ్యలో ఆపి ఉండవచ్చు, క్షమించగలరు" అని. బావ, "నేను మధ్యలో ఆపలేదురా, తెర నల్లబడేదాకా చూశాను" అంటుంటే, "ఒప్పుకుంటే వదిలేస్తారు బావా, వాదిస్తే పెద్దది చేస్తారు" అని నేనే నచ్చజెప్పి సంతకం పెట్టించాను.

నాకు ఒళ్ళు మండిపోయింది. "పదకొండేళ్ళక్కా. పదకొండేళ్ళు ఆయన దుప్పట్లు ఉతికాడు. నువ్వు పైన కూర్చుని ప్రతి కొటేషనుకీ కారణం రాసుకున్నావు."

"రాసుకున్నాను" అంది.

"ఎప్పుడు తెలిసింది?"

"మూడు వారాలకి. ఆ రోజు మా అక్కని చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి, బస్సు టైమైపోతోంది. డిలో వెతుక్కునే ఓపిక లేక చీటీ ఇంకో కాపీ 'ఈరోజు' ఫోల్డర్లో పడేసి నొక్కాను. అప్పట్లో పాజ్ లేదు. కిటికీ మూసుకుపోయింది, నేను వెళ్ళిపోయాను. చీటీ తన్ను తానే చెరిపేసుకుంది కదా, మర్నాడు ఎవరికీ ఏమీ కనబడలేదు. ఇంజినీరు చెప్పింది నేనూ నమ్మాను. మూడు వారాల తర్వాత వేరే చోట ఇలాగే జరిగి, కాపీ మీద నడిపి చూస్తే తెలిసింది. అదే రోజు కిందకి దిగాను తమ్ముడూ, చెబుదామనే దిగాను. సూపరింటెండెంటు గది ముందు గుమాస్తా ఆ కాగితం చూపించాడు. మీ బావ ఒప్పుకున్న కాగితం. సంతకం కూడా ఉంది. ఆయనే ఒప్పుకున్నాడు, నేనెందుకు... అనుకుని మళ్ళీ పైకెక్కాను."

నేను కుర్చీలో కూలబడ్డాను. ఆవిడని పైకి పంపింది నా రాత. తిలా పాపం తలా పిడికెడు అంటారు, నా వాటా గుప్పెడు కాదు, దోసెడు.

"నన్నెందుకు అడిగి రప్పించావు?" అన్నాను చివరికి.

"చెప్పే ధైర్యం లేదు. నువ్వు ఈ లైను దగ్గర ఆగుతావని ఆశ. ప్రతిదానికీ ఎందుకని అడిగే నస మనిషివని స్టోర్స్‌వాళ్ళు చెప్పారు."

"ఆగకపోయుంటే?"

"చెప్పేదాన్నో లేదో నాకే తెలియదు. అలసిపోయాను. ఇన్నేళ్ళూ పని చేసి అలిసిపోయాననుకున్నారు అందరూ. పని కాదు తమ్ముడూ, ఈ ఒక్క లైను దాటుకుంటూ వెళ్ళడం."

ముందుకి వంగి కీబోర్డు దగ్గరికి లాక్కుంది. తేదీ పక్కన కర్సరు పెట్టి నెమ్మదిగా కొట్టింది. "ఈ తేదీన నలభై మూడు మంది బొమ్మలు చెరిపింది ఈ ఫైలు. రాసింది, నడిపింది నేను. అటెండరు తప్పు లేదు. స్లాష్ డి తీయవద్దు." సేవ్ చేసింది. అదే మాటలు పొడిగించి సూపరింటెండెంటు గారికి ఉత్తరంగా ప్రింటు తీసింది. చదువుకోమని నాకిచ్చింది. ఒక్క అక్షరం కూడా తనవైపు లాక్కోలేదు.

సూపరింటెండెంటు గారు ఉత్తరం చదివి, కళ్ళజోడు పైనుంచి ఆవిడ వైపు చూశారు. "నాలుగు రోజుల్లో వెళ్ళిపోతున్నారు. ఇప్పుడెందుకమ్మా ఇదంతా? విచారణ వెయ్యాల్సొస్తుంది. అది తేలేదాకా మీ రిలీవింగ్ ఆగిపోతుంది. రెండు నెలలో, మూడో."

"ఆగనివ్వండి సార్" అంది అక్క. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయేమో, కూర్చోమనకుండానే కూర్చుంది. "ఆయన దరఖాస్తు మాత్రం ముప్పై లోపల తీసుకోండి."

"రిమార్కు విచారణలో ఉందని రాసి తీసుకోవచ్చు. మరి ఆయన క్షమాపణ కాగితం ఉందిగా ఫైల్లో, దానికేం చెప్పాలి?"

"అది నేను రాసింది సార్. ఆయన మధ్యలో ఆపలేదనే చెప్పాడు. నేను వినలేదు" అన్నాను. రాసిమ్మన్నారు. రాసిచ్చాను.

అక్కడి నుంచి ఇద్దరం నేలమాళిగకి దిగాం. నేను చెబుతానంటే అక్క ఒప్పుకోలేదు. ఉతుకుడు గదిలో ఆవిరి, సబ్బు వాసన, గోడ పక్కన దుప్పట్ల గుట్ట. బావ ఒక తడారిన దుప్పటిని తీగ మీంచి లాగుతున్నాడు. మమ్మల్ని చూసి, "ఏంటి, ఇద్దరూ ఇటొచ్చారు?" అన్నాడు.

అక్క నిలబడే చెప్పింది. సిడి, డ్రైవు, ఫోల్డరు అంటే ఆయనకేం తెలుస్తాయి. అందుకే చివర్లో, "బొమ్మలు పోయింది నా వల్ల. నువ్వు ఆపేటప్పటికే, అరగంట ముందే అవి లేవు. నాకు మూడు వారాలకే తెలిసింది, చెప్పలేదు" అంది.

బావ దుప్పటి పట్టుకునే ఉన్నాడు. "అంటే నేను సరిగ్గానే ఆపానా?" అన్నాడు.

"సరిగ్గానే ఆపావు."

"నేనూ అలాగే అనుకున్నాను, మొదట్లో. తెర నల్లబడేదాకా చూశానని గుర్తుండేది. తర్వాత అందరూ అంటుంటే, కాగితం మీద కూడా రాసుంటే... ఏమో, చూడలేదేమో అనిపించింది. నా చెయ్యంటేనే నాకు భయమైపోయింది." దుప్పటిని తీగ మీంచి పూర్తిగా లాగి, "మీరు పైకెళ్ళండి అక్కా. నాకిప్పుడు చాలా కోపంగా ఉంది. ఏదైనా అంటానేమో" అన్నాడు.

ఆవిడ తలూపి మెట్లెక్కింది. మధ్యలో రెండుసార్లు ఆగడం చెప్పుల చప్పుడుని బట్టి తెలిసింది. నేను అక్కడే నిలబడ్డాను. క్షమించమని అడగాలని ఉంది, ఏ మొహం పెట్టుకుని అడగాలో తెలియలేదు. బావే దుప్పటి రెండో చివర నా వైపు విసిరి, "పట్టుకో" అన్నాడు. నేను అడ్డదిడ్డంగా మడుస్తుంటే మూలకి మూల కలిపేదాకా మళ్ళీ మళ్ళీ విప్పించాడు. గుట్ట అయ్యేదాకా ఇద్దరం మడుస్తూనే ఉన్నాం.

విచారణ రెండు నెలల మీద పది రోజులు సాగింది. ఆ రోజులన్నీ అక్క రెండు బస్సులు మారి వస్తూనే ఉంది. పని నేనే చేస్తున్నాను, పక్క కుర్చీలో కూర్చుని చూసేది. ఒక్కోసారి కూర్చునే కునికేది. నేను ఫ్యాను కీచుమనకుండా నూనె వేయించాను. చివరికి బావ పుస్తకంలోని ఎర్ర సిరా మీద అడ్డంగా గీత పడింది. ఆవిడ సర్వీసు పుస్తకంలో, ముప్పై మూడేళ్ళలో మొదటిసారి, ఒక లైను ఎర్రగా పడింది. అదే రోజు బావని ఎక్స్‌రే గదికి వేశారు.

ఆయన చేరిన మొదటి రోజు, సాయంత్రం ఫైలు నడిపి, పాజ్ దగ్గర ఆగి, చదివి, పైకొచ్చి కూర్చున్నాను. 'సాయంత్రం' ఫైలు నా ముందు తెరిచే ఉంది. అక్క రాసిన లైను కింద ఇంకో రెమ్ పెట్టాను. "క్షమాపణ రాయించింది నేను. ఆయన మధ్యలో ఆపలేదని చెప్పాడు, వినలేదు." రిలీవింగ్ ఆర్డరు కోసం చూస్తూ పక్క కుర్చీలో కునుకుతున్న అక్క కళ్ళు తెరిచి చదివింది. మార్చమనలేదు.

సరిగ్గా అయిదింటికి టేబులు మీది ఫోను మోగింది. ఎక్స్‌రే గది నుంచి బావ.

"షట్‌డౌన్ కొట్టాను. తెర నల్లబడింది. లైటు కూడా ఆరింది. ఇప్పుడు మెయిన్ కడుతున్నాను" అన్నాడు. ఫోన్లో స్విచ్చు పడిన చప్పుడు వినబడింది. "ఇక్కడ చూసినవాళ్ళెవరూ లేరు. అందుకని నీకు చెబుతున్నాను. రాసిపెట్టు."

అప్పటి నుంచి రోజూ అయిదింటికి ఆ ఫోను వస్తుంది. స్విచ్చుల బావ అని నేను మళ్ళీ అనలేదు. తేదీ వేసి, టైము వేసి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తాను.